బొంగురు పెట్ట

నా ట్రక్కులో నేనే ఖైదీనై చాలాసేపయింది.

బయట ఒక టర్కీ పుంజు నా తలుపుని పొడుస్తోంది. బుద్ధి తక్కువై ముందురోజే ఆ ట్రక్కుని కడిగి, తుడిచి, మెరిపించాను. మెరిసే తలుపులో దానికి ఇంకో పుంజు కనబడుతుంది. ఆ రెండో పుంజు ఎంత పొడిచినా వెనక్కి తగ్గదు కదా, అందుకని దీనికి ఇంకా రోషం పెరుగుతుంది. నేను అటు తలుపు తీస్తే అటూ, ఇటు తలుపు తీస్తే ఇటూ పరిగెత్తుకొస్తోంది. దాని మంద మొత్తం మా క్రిస్మస్ చెట్ల వరసల మధ్య తీరిగ్గా నడుస్తూ తమాషా చూస్తోంది.

చూడకూడని మనిషి చూడకూడని సమయానికే వస్తుంది. పక్క పొలం డెల్ఫీన్ తిబో ట్రాక్టరు మీద వచ్చి, ఇంజను ఆపి, చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"లైమన్, లోపల ఏం చేస్తున్నావు?"

అద్దం కాస్త దించాను. "గాలి పీల్చుకుంటున్నాను."

"అద్దాలు మూసుకునా?"

"నీకు వేరే పనేం లేదా?"

"ఉంది. మీ అమ్మగారికి చెప్పి రమ్మని నాన్న పంపాడు. మీ టర్కీలు మళ్ళీ మా మొక్కజొన్న పాతర మీద కప్పిన పట్టా చించేశాయట."

"మా టర్కీలా? మేమేమన్నా వాటికి పేర్లు పెట్టి పెంచుతున్నామా? అడవి పక్షులవి!"

"పడుకునేది మీ పైన్ చెట్ల మీదే కదా."

"తినేది మీ మొక్కజొన్నే కదా!"

డెల్ఫీన్ నిట్టూర్చి కిందికి దిగింది. కోటు విప్పి రెండు చేతులతో పట్టుకుని, అంగడికి వెళ్తున్నంత మామూలుగా పుంజు మీదికి నడిచింది. పుంజు ఒకసారి ఆమెని చూసి, మెడ సవరించుకుని, అసలు నాకే ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదన్నట్టు పక్కకి వెళ్ళిపోయింది.

"ఎదురెళ్ళాలి. జంకితే నిన్ను చిన్న పుంజు అనుకుంటుంది," అంది.

"నేను పుంజుని కాను."

"అది నాకెప్పుడో తెలుసు," అంది డెల్ఫీన్, కోటు తొడుక్కుంటూ. ఆ మాటలో ఏదో ఉంది. అదేమిటో అర్థమయ్యేసరికి ట్రాక్టరు మా ఇంటి ముందుకి చేరిపోయింది, నేను ఇంకా ట్రక్కులోనే ఉన్నాను.

మా వెర్మాంట్ కొండల్లో నవంబరు అంటే ఇంతే. ఆకులు రాలిపోయి ఉంటాయి, మంచు ఇంకా పడదు, ఉన్న రంగల్లా జింకల వేటకి వెళ్ళేవాళ్ళు పెట్టుకునే నారింజరంగు టోపీలే. నెలాఖరున వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి నుంచి మా చెట్ల అమ్మకం మొదలవుతుంది. ఊళ్ళోంచి జనం కార్లేసుకుని వచ్చి, వరసల్లో తిరిగి, నచ్చిన చెట్టు కోయించుకుంటారు. మెరిసే కార్లు. ఇక చూసుకోండి.

కానీ నన్ను పీక్కుతింటున్న బెంగ చెట్ల గురించి కాదు, బల్ల గురించి.

మా రెండిళ్ళకీ థాంక్స్‌గివింగ్ భోజనం ఒక్కటే. నేను పుట్టకముందు నుంచీ అంతే. ఒక ఏడు మా ఇంట్లో, ఒక ఏడు వాళ్ళింట్లో. చుట్టాలతో కలిపి అందరికీ ఒక బల్ల చాలదు కాబట్టి రెండో ఇంటి బల్ల గడ్డి బండెక్కి, రాతిగోడ సందులోంచి ఊరేగింపుగా వస్తుంది. రెండిటినీ కలిపి వేస్తారు. వంట కూడా పంపకమే. టర్కీ, పళ్ళు కూరి కాల్చే తీపి పైలు మావి. బంగాళాదుంపలు, వెన్న, మీగడ, ఉల్లిపాయల కూర వాళ్ళవి.

తిబోల బల్ల మా బల్ల కంటే ఒక వేలు మందం ఎత్తు. రెండూ కలిసే అతుకు దగ్గర పెద్దవాళ్ళెవరూ కూర్చోరు. అందుకని చిన్నప్పుడు ఆ చోటు పిల్లలకి పడేసేవారు. అతుకుకి అటు డెల్ఫీన్, ఇటు నేను. మిగతా పిల్లలు పెద్దవాళ్ళై పెద్ద కుర్చీల్లోకి జరిగిపోయారు. మేమిద్దరం మాత్రం జరగలేదు. ఎవరూ జరగమనలేదు, మేమూ అడగలేదు.

గ్రేవీ గిన్నె ఆ అతుకు మీదే ఉంటుంది. ప్రతి ఏడూ ఒలుకుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ప్రతి ఏడూ మా బల్ల కాళ్ళ కింద పెట్టడానికి చెక్కముక్కలు చెక్కుతున్నాను. కొలిచి చెక్కుతాను. నునుపుగా తోస్తాను. బల్లలు రెండూ సమానంగా నిలబడతాయి. అయినా భోజనం మధ్యలో ఏమవుతుందో ఏమో, మా బల్ల ఒక్కసారి కుంగుతుంది, గ్రేవీ నా ఒళ్ళో పడుతుంది. రోజంతా చెట్లతో, రంపాలతో బతికేవాణ్ణి, వేలు మందం చెక్కముక్క సరిగా చెక్కలేకపోతున్నానే అని నాకు తలకొట్టేసినట్టుంటుంది.

పోయిన ఏడు ఆ అతుకు దగ్గరే డెల్ఫీన్‌కి చెప్పేద్దామనుకున్నాను. ఏం చెప్పాలో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఊరంతటికీ తెలుసనుకుంటాను. పైలు వడ్డించేదాకా ధైర్యం కూడదీసుకుని, ఊపిరి పీల్చి, నోరు తెరిచాను. మాట ఇంకా బయటికి రాలేదు, గ్రేవీ వచ్చేసింది. తర్వాత గుడ్డలూ, గొడవా, "అయ్యో ప్యాంటు" అనే ఆంటీలూ. మళ్ళీ ఏడాది ఆగాను. ఇంకెక్కడైనా చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. ట్రక్కు దిగడానికే ధైర్యం లేనివాణ్ణి, నాకు బల్ల అడ్డం ఉంటే తప్ప మాట రాదు.

ఈ ఏడు బల్లే లేకుండా పోయింది.

రాతిగోడ దగ్గర మా అమ్మ వినీ టటిల్‌కీ, డెల్ఫీన్ నాన్న ఆర్మాన్ తిబోకీ మాటా మాటా పెరిగింది. నేను గోడకి ఇటు, డెల్ఫీన్ అటు, ఇద్దరం నోళ్ళు మూసుకుని నిలబడ్డాం.

"ఆ పైన్ చెట్లు కొట్టించెయ్, వినీ. పడుకునే చోటు లేకపోతే అవే పోతాయి," అన్నాడు ఆర్మాన్.

"మా నాన్న నాటిన చెట్లు నీ కోసం కొట్టించాలా? నీ పాతర సరిగ్గా కప్పుకోవడం నేర్చుకో ముందు! మొక్కజొన్న పరిచి విందుకి పిలిచింది నువ్వు."

"పాతిక ఆవులున్నాయి నాకు. నీ టర్కీలు తిన్నాక వాటికి ఏం పెట్టను, క్రిస్మస్ చెట్లా?"

"నా టర్కీలంటావేం! ఇంకోసారి నా టర్కీలన్నావంటే..."

"ఏం చేస్తావు?"

"నీ దుంపలు నువ్వే తిను ఈ పండక్కి!"

"అంతేనా? సరే. నా బల్ల ఈ గోడ దాటదు."

"దాటితే విరగ్గొట్టి పొయ్యిలో పెడతాను!"

ఇద్దరూ వెనక్కి తిరిగి చెరో వైపు నడిచిపోయారు. మా రోడ్డు చివర రెండు కుటుంబాలు ఇలాగే ఏదో కంచె గురించి ఒక పండగ విడిగా చేసుకున్నాయి. ఒక్క పండగే కదా అనుకున్నారు. ఇప్పుడు వాళ్ళ మనవలు దారిలో ఎదురుపడినా చెయ్యి ఊపుకోరు. నాకు అదే కళ్ళముందు కదిలింది. డెల్ఫీన్ వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది, ఏదో ఒకటి అంటానేమో అని. నేను ఏమీ అనలేదు. ఆమె తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

అప్పుడు పంతం పట్టాను. టర్కీలు పోతే గొడవ పోతుంది. గొడవ పోతే బల్లలు కలుస్తాయి.

మందని తరలించే పద్ధతి మా తాతయ్య చెప్పేవాడు. పొద్దున్నే చెట్లు దిగగానే మధ్యలోకి పరిగెత్తి చెల్లాచెదురు చెయ్యాలి. విడిపోయిన టర్కీలకి ఒకటే ఆత్రం, మళ్ళీ కలవడం. పెద్ద పెట్ట ఎక్కడ నుంచి పిలిస్తే అక్కడికి చేరతాయి. కాబట్టి నువ్వే పెద్ద పెట్టవై, నీకు కావలసిన చోట కూర్చుని పిలవాలి.

తాతయ్య కూతపెట్టె నా దగ్గరే ఉంది. చేతిలో పట్టే చిన్న చెక్కపెట్టె, పైన కదిలే మూత. మూతకి సుద్ద రాసి పెట్టె అంచు మీద లాగితే పెట్ట గొంతు వస్తుంది. తాతయ్యకి అదీ అక్కర్లేదు, నాలుక మీద చిన్న రబ్బరు పొర పెట్టుకుని కూసేవాడు. కూత చివర ఒక చిన్న వెక్కిలి పెట్టేవాడు, అడవంతా ఆగి వినేది. వెంటపడిన పిల్లలందరికీ నేర్పాడు. సొంత మనవడినైన నాకు మాత్రం రాలేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే పైన్ చెట్ల కింద అరుస్తూ, చేతులు ఊపుతూ పరిగెత్తాను. టర్కీలు తలో దిక్కూ ఎగిరాయి. నేను రొప్పుకుంటూ కొండెక్కి, అవతలి లోయలో ఒక పడిపోయిన చెట్టు వెనక కూర్చుని పెట్టె తీశాను. ఆ లోయకి రెండు వైపులా ప్రభుత్వం వారి అడవే. అక్కడ ఎవరి పాతరా ఉండదు, ఎవరి కారూ ఉండదు.

కూశాను.

లోయ అవతలి గట్టు నుంచి జవాబు వచ్చింది.

పెట్ట! అసలైన పెద్ద పెట్ట. ఏం గొంతు అది! నిండుగా, నిబ్బరంగా, చివర చిన్న వెక్కిలితో. మా తాతయ్య దగ్గర నేర్చుకుందా ఏమిటి అని నవ్వుకున్నాను కూడా. కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నేను పిలిస్తే అదీ పిలుస్తుంది. నేను గట్టిగా పిలిస్తే అది ఇంకా గట్టిగా, కోపంగా. రమ్మంటే రాదు. పొమ్మంటే పోదు. పాపం మంద నడిలోయలో నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, విసుగెత్తి, మధ్యాహ్నానికల్లా మళ్ళీ మా చెట్ల మధ్యకే వచ్చేసింది.

రెండోనాడూ ఇదే వరస. ఆ తర్వాతా ఇదే. ఆ పెట్ట మొండితనానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా నిజం చెప్పాలంటే, పొద్దున్నే చలిలో లేవడానికి కారణం మంద ఒక్కటే కాదు. దాని గొంతు వినాలనిపించేది.

"ఒక పెట్ట ఉందమ్మా కొండ మీద. దాన్ని ఒప్పించడం నా వల్ల కావట్లేదు," అన్నాను ఒకరోజు అమ్మతో.

అమ్మ పైల కోసం పిండి వత్తుతూ తలెత్తకుండా అంది. "నువ్వు ఏ పెట్టని ఒప్పించావు గనక?"

అదే వారం దాణా కొట్లో డెల్ఫీన్ కనబడింది. కళ్ళ కింద నలుపు, జుట్టులో ఒక ఎండుటాకు.

"నిద్ర లేదా?" అన్నాను.

"ఒక ఆవు ఈనింది. నీకు?"

"నాకూ... పని." ఏ పనో చెప్పలేదు. నేను మంద వెంట పడుతున్నానని ఆర్మాన్ చెవిన పడితే, వాళ్ళ వైపే తోలుతున్నాననుకుంటాడు, గోడ మీద ఇంకో వరస రాళ్ళు లేస్తాయి. "నీ జుట్టులో ఆకు ఉంది."

ఆకు తీసి చూసుకుంది. "మా ఆవు అడవి అంచున ఈనింది."

"ఇంత చలిలోనా?"

"దాని ఇష్టం, లైమన్! ఆవుని అడుగు!" దాణా బస్తాలు ఎత్తి బండిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ ఆగింది. "పండక్కి ఏం చేస్తున్నారు మీరు?"

"భోజనం."

"అంతేనా?"

"పైలు కూడా ఉంటాయి."

కాసేపు నన్ను అలాగే చూసింది. కొట్టువాడు కూడా నన్ను అలాగే చూశాడు. ఏం తప్పు మాట్లాడానో ఇద్దరూ చెప్పలేదు.

పండక్కి ముందు బుధవారం. ఇదే ఆఖరి అవకాశం. ఆ పెట్ట వస్తుందని కూర్చుంటే లాభం లేదు, నేనే వెళ్ళి దాన్ని అక్కడి నుంచి లేపుతాను అనుకున్నాను. పాకుతూ బయలుదేరాను. నారింజరంగు టోపీ దూరం నుంచే కనబడుతుందని తీసి జేబులో పెట్టుకున్నాను. జింకల వేట కాలంలో అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మీరు చెయ్యకండి.

కొంచెం పాకి, కూశాను. జవాబు వచ్చింది. దగ్గరగా. ఇంకొంచెం పాకాను. ఇంకా దగ్గరగా. అదీ నా వైపే వస్తోంది! ఫెర్న్ పొదల వెనక ఏదో కదిలింది. పెట్టె మీద చిన్నగా, బుజ్జగిస్తున్నట్టు ఒక కూత కూశాను.

నెత్తి మీద వల పడింది.

చేపల్ని నీళ్ళలోంచి ఎత్తే, పొడుగు పిడి ఉన్న పెద్ద వల. దాన్ని మెడ దాకా లాగి, ఎవరో నా వీపు మీద మోకాలు వేసి నొక్కారు.

"దొరికావు! కదలకు తల్లీ, ఏం చెయ్యను, గొంతు చూసి వదిలేస్తా..."

"డెల్ఫీన్?"

మోకాలు వదులైంది. వలలోంచి చూశాను. నోట్లోంచి చిన్న రబ్బరు పొర తీసి అరచేతిలో పట్టుకుని, డెల్ఫీన్ నన్ను చూస్తోంది.

"నువ్వా ఆ పెట్టవి?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఆ బొంగురు గొంతు నీదా?" అంది డెల్ఫీన్. "తలుపు బందులో నూనె అయిపోయినట్టు ఆ కిర్రుకిర్రు నువ్వా? ముసలి పెట్టకి గొంతు జబ్బు చేసిందనుకుని, రోజూ జాలిపడి, దాన్ని పట్టుకుని మందెయ్యాలని వల తెచ్చాను నేను!"

"మందెయ్యడానికా?"

"సంచిలో ఉంది. కావాలా?"

"నువ్వెందుకు కూస్తున్నావు అసలు?"

"మందని అడవిలోకి పంపడానికి! మీ తాతయ్య చెప్పిన పద్ధతే కదా. నువ్వెందుకు?"

"అందుకే!"

ఇద్దరం ఒక్కసారే లోయ వైపు చూశాం. మంద అక్కడే ఉంది, సరిగ్గా నడిమధ్య. అటు నుంచి ఒక పెద్ద పెట్ట, ఇటు నుంచి ఒక పెద్ద పెట్ట రోజూ పొద్దున్నే రమ్మని బతిమాలుతుంటే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? వాటిని ఈ కొండకి కట్టేసినవాళ్ళం మేమిద్దరమే.

"టోపీ ఏది నీది?" అంది డెల్ఫీన్ హఠాత్తుగా. "జింక అనుకుని ఎవరైనా కాలిస్తే?"

"నీదేది?"

కోటు లోపల చెయ్యి పెట్టుకుని మాట్లాడకుండా టోపీ తీసి పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, వల మీద నుంచే. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే వల విప్పడానికి వంగింది. ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. చెవుల అంచులు చలికి ఎర్రబడి ఉన్నాయి.

"ఇంత చలిలో, ఇన్నాళ్ళు, ఈ పాట్లన్నీ దేనికి లైమన్?" అని అడిగింది నెమ్మదిగా.

"రెండు బల్లలూ కలవాలని."

"ఎందుకు కలవాలి?"

చెప్పొచ్చు. అడవి, ఉదయం, ఎవరూ లేరు, నవ్వుతోంది, అడుగుతోంది. ఇంతకంటే ఏం కావాలి ఒక మనిషికి? కానీ బల్ల లేదు కదా.

"గ్రేవీ కోసం," అన్నాను.

డెల్ఫీన్ చేతులు ఆగిపోయాయి.

"గ్రేవీ కోసమా?"

"అంటే... మీ మీగడ వేస్తేనే కదా..."

"నేను మాత్రం గ్రేవీ కోసం రాలేదు," అంది. లేచి నిలబడింది. వల అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. నేను తల వలలో పెట్టుకుని కూర్చున్నాను. మందలోంచి ఒక పెట్ట దగ్గరికి వచ్చి, నన్ను పైకీ కిందికీ చూసి, అదీ వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి అమ్మకి జరిగింది చెప్పేశాను, గ్రేవీ మాట తప్ప. అమ్మ పొయ్యి తలుపు మామూలు కంటే గట్టిగా వేసింది.

పండగ రోజు ఇంట్లో సగం పండగే ఉంది. పొయ్యిలో టర్కీ ఘుమఘుమలాడుతోంది. పైలు ఎప్పటిలాగే రెండిళ్ళకి సరిపడా ఉన్నాయి. ఆర్మాన్‌కి మాత్రమే ఇష్టమైన ఎండుద్రాక్షల పై కూడా ఉంది. "చెయ్యి తిరిగిన లెక్కలో అయిపోయింది, నాకేం తెలుసు!" అని నా మీద విరుచుకుపడింది అమ్మ, నేను అడగకుండానే. దుంపలు లేవు. వెన్న లేదు. మీగడ లేదు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ పండక్కి దుంప ఉడికించి ఎరగరు. మా బల్ల ఒక్కటే గది మధ్యలో పొట్టిగా, బిక్కచచ్చినట్టు నిలబడింది. నేను అలవాటు కొద్దీ చెక్కిన రెండు చెక్కముక్కలు జేబులోనే ఉన్నాయి.

అప్పుడు బయట హారన్ మోగింది. ఆగకుండా మోగింది.

ఆర్మాన్ ట్రక్కు. పండగ కదా, కడిగి మెరిపించాడు. వెనక తొట్టిలో తాళ్ళతో కట్టిన బల్ల, దాన్ని పట్టుకుని డెల్ఫీన్. తలుపు దగ్గర మా పుంజు, తన జన్మశత్రువు మళ్ళీ కనబడిన ఆనందంలో టపటపా పొడుస్తోంది. లోపల ఆర్మాన్ ఒళ్ళో దుంపల గిన్నె పెట్టుకుని, దిగలేక, స్టీరింగు మీద గుద్దుతున్నాడు.

"వినీ! నీ టర్కీని తియ్!"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవరి టర్కీ?"

లోపల గుద్దడం ఆగింది.

"... ఈ టర్కీని."

అమ్మ వరండా పక్కనున్న బకెట్ ఎత్తింది. బూట్లు కడిగిన బురదనీళ్ళు. తీరిగ్గా నడిచి వెళ్ళి, ఆ తళతళలాడే తలుపు మీద బకెట్ మొత్తం గుమ్మరించింది.

"నా కొత్త రంగు!" అని అరిచాడు ఆర్మాన్.

పుంజు ఆగింది. తలుపులో శత్రువు మాయమయ్యాడు. అటూ ఇటూ వెతికి, గెలిచానన్న ధీమాతో ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయింది.

"అద్దంలా మెరిస్తేనే దానికి ఒళ్ళు మంట," అంది అమ్మ.

ఆర్మాన్ గిన్నెతో సహా దిగాడు. "రేపు నీ దగ్గరికొచ్చే కార్లన్నిటికీ ఇలాగే కొడతావా?"

"కొడతాను. గేటు దగ్గరే, ఊరికే కొడతాను." అమ్మ బకెట్ కింద పెట్టింది. "ఎందుకొచ్చావు?"

"డెల్ఫీన్ చెప్పింది. తప్పు నీ చెట్లది కాదట. నా పాతరదీ కాదు." నా వైపు వేలు చూపించాడు. "ఈ ఇద్దరిదీ. పొద్దున్నే కొండెక్కి మందని కాపలా కాసింది వీళ్ళు."

"నాకూ చెప్పాడు," అంది అమ్మ. "ఇంత తెలివిగలవాళ్ళని కన్నాం మనం."

మేం కూయడం మొదలుపెట్టక ముందే మీ గొడవ మొదలైందని చెప్పబోయాను. అమ్మ చూసిన చూపుకి ఆగిపోయాను. పెద్దవాళ్ళిద్దరికీ తిట్టుకోవడానికి ఒకరు దొరికారు. అది ఒకరినొకరు కాకపోతే చాలు.

"దుంపలు చల్లారిపోతున్నాయి, వినీ."

"ఎండుద్రాక్షల పై ఉంది. పారెయ్యడం ఇష్టం లేక ఉంచాను. తీసుకురా ఆ బల్ల."

బల్ల లోపలికి మోస్తుంటే ఒక వైపు నేను, ఒక వైపు డెల్ఫీన్. "మీగడ కూడా తెచ్చాను. గ్రేవీకి," అంది, నా కళ్ళలోకి చూడకుండా. అంతకంటే చెంపదెబ్బ నయం.

రెండు బల్లలూ కలిపాం. నేను మోకాళ్ళ మీద కూర్చుని మా బల్ల కాళ్ళ కింద రెండు ముక్కలూ పెట్టాను. చేత్తో అతుకు తడిమి చూశాను. సమానం. గోళీ పెట్టినా దొర్లదు. అటు డెల్ఫీన్, ఇటు నేను, మధ్యలో గ్రేవీ గిన్నె. చుట్టాలు వచ్చారు, ప్రార్థన అయింది, గిన్నెలు చేతులు మారాయి. డెల్ఫీన్ తన ఎడమ పక్క వాళ్ళతో మాట్లాడింది. కుడి పక్క వాళ్ళతో మాట్లాడింది. ఎదురుగా ఉన్న నాతో ఒక్క మాట లేదు.

బల్ల ఉంది. ఇంక సాకు లేదు. ఇప్పుడు అనకపోతే వచ్చే ఏడు ఆమె ఈ చోట కూర్చోదు, ఆ సంగతి ఆ మొహంలోనే కనబడుతోంది. ఫోర్కు కింద పెట్టాను. గొంతు సవరించుకున్నాను. ఆ శబ్దం బొంగురుగా వచ్చింది. డెల్ఫీన్ చటుక్కున తలెత్తింది.

ఊపిరి పీల్చాను. నోరు తెరిచాను.

మా బల్ల కుంగింది. గ్రేవీ గిన్నె జారి నా ఒళ్ళో పడింది.

"మళ్ళీనా!" అంది అమ్మ బల్ల ఆ చివర నుంచి.

నాకు ఏడుపొచ్చింది. కొలిచాను కదా! గోళీ దొర్లదు కదా! ఒళ్ళంతా గ్రేవీతోనే బల్ల కిందికి దూరాను, ఆ ముక్కకి ఏ రోగం వచ్చిందో చూద్దామని.

ముక్క స్థానంలో లేదు. ఎర్ర ఊలు మేజోడు వేసుకున్న ఒక పాదం కింద ఉంది. ఆ పాదం దాన్ని ఇంకా పక్కకి నెడుతోంది.

పాదం ఆగింది. కాసేపటికి బల్లగుడ్డ అంచు లేచి, డెల్ఫీన్ మొహం తలకిందులుగా కనబడింది. తర్వాత మనిషే కిందికి వచ్చింది.

"నువ్వా?" అన్నాను. "ప్రతి ఏడూ నువ్వేనా?"

"ప్రతి ఏడూ నేనే."

"ఎందుకు?"

"ఎందుకా?" గుసగుసగానే, కానీ పళ్ళ మధ్య నుంచి. "గంటలకి గంటలు ఎదురుగా కూర్చుంటావు. దుంపలు ఇమ్మంటావు. ఉప్పు ఇమ్మంటావు. ఇంకేమీ అనవు! ఎదురుచూసి ఎదురుచూసి ఒళ్ళు మండి ఆ ముక్కని తంతాను. అప్పుడైనా ఇద్దరం కలిసి తుడుస్తాం కదా. ఆ కాసేపైనా నా చేతి పక్కన నీ చెయ్యి ఉంటుంది కదా."

"పోయిన ఏడు చెప్పబోయాను! నోరు తెరిచాను!"

"తెరిస్తే చెప్పాలి! నువ్వు ఆవులిస్తున్నావనుకున్నాను!"

"ఇప్పుడూ చెప్పబోయాను!"

"అయితే ఇప్పుడు చెప్పు! నీ గ్రేవీ అంతా అయిపోయింది, ఇంకేం అడ్డం లేదు!"

పైన బల్ల ఉంది. అది చాలు.

"డెల్ఫీన్, నువ్వంటే నాకు ప్రేమ. ఈ అతుకు దగ్గర కూర్చున్నప్పటి నుంచీ. గ్రేవీ అంటే నాకసలు ఇష్టమే లేదు."

డెల్ఫీన్ కళ్ళు మూసుకుంది, ఏళ్ళ తరబడి మోస్తున్న మూట దించినట్టు. "నాకూ," అంది. "గ్రేవీ సంగతి కాదు. మొదటిది."

బల్ల అంచు నుంచి గ్రేవీ చుక్కలు చుక్కలుగా నా మెడ మీద పడుతోంది. ఆమె చేత్తో తుడిచింది. ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

పైన మాటలు ఆగిపోయాయి.

"వినీ, నీ వాడు నోరు విప్పాడా?" అన్నాడు ఆర్మాన్.

"విప్పినట్టే ఉన్నాడు. బల్ల కింద," అంది అమ్మ. "వీళ్ళ కోసం ఆ అతుకు దగ్గర ఇన్నేళ్ళు ఎవర్నీ కూర్చోనివ్వకుండా చూశాం. ఆ చెక్కముక్క పెట్టి పైకి రండిక, పై కోస్తున్నాను!"

చెక్కముక్కని చేతిలోకి తీసుకున్నాను. పెట్టమన్నట్టు డెల్ఫీన్ బల్ల కాలు పైకెత్తి పట్టుకుంది. ముక్కని జేబులో వేసుకున్నాను.